ఇంకో రాష్ట్రంలో, ఇంకో దేశంలో ఆర్కిటెక్టు లైసెన్సు: ఏ దారి ఎవరికి?

మా ఆఫీసు నుంచి పర్మిటుకు వెళ్ళిన డ్రాయింగుల సెట్టు ఒకటి వారం తిరక్కుండానే వెనక్కి వచ్చింది. నలభై రెండు షీట్లు. ప్రతి షీటుకూ కుడివైపు అడుగున టైటిల్ బ్లాకులో గుండ్రటి సీలు, దాని మీదుగా సంతకం, పక్కన తేదీ. గీతల్లో తప్పు లేదు, కొలతల్లో తప్పు లేదు. సీలు మీదున్న రాష్ట్రం పేరే తప్పు. కట్టబోయే భవనం నదికి అవతలి ఒడ్డున ఉంది, సీలు వేసినాయన లైసెన్సు ఇవతలి ఒడ్డుది. మధ్యలో వంతెన దాటితే పది నిమిషాల దూరం. "ఇరవయ్యేళ్ళుగా ఆర్కిటెక్టు కదండీ ఆయన?" అని క్లయింటు అడిగితే "ఇవతలి ఒడ్డున మాత్రం అవునండీ" అనాల్సి వచ్చింది.

అమెరికాలో ఇలాంటి ఒడ్లు 55 ఉన్నాయి. యాభై రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, ప్యూర్టోరికో, గువామ్, వర్జిన్ దీవులు, ఉత్తర మరియానా దీవులు. 1897లో ఇలినాయ్ అందరికంటే ముందు ఆర్కిటెక్టులకు లైసెన్సు చట్టం తెచ్చింది. తరవాత ఒక్కో రాష్ట్రం తన చట్టం తనే రాసుకుంటూ పోయింది. ఒకరిచ్చిన లైసెన్సును ఇంకొకరు ఎంతవరకు నమ్మాలన్న తలనొప్పికి మందుగా 1919లో ఎన్‌కార్బ్ పుట్టింది. అది రాష్ట్రాల లైసెన్సు బోర్డులన్నీ కలిసి నడుపుకునే సంస్థ. భారతదేశంలో చదివి వచ్చినవాళ్ళకి ఇదంతా మొదట్లో వింతగా ఉంటుంది. అక్కడ 1972 నాటి ఆర్కిటెక్ట్స్ యాక్ట్ కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఇచ్చే రిజిస్ట్రేషన్ దేశం మొత్తానికీ ఒకటే. రాష్ట్రం మారితే లైసెన్సు మారాలన్న ఆలోచనే రాదు.

అసలు చిక్కంతా "లైసెన్సు బదిలీ" అన్న మాటలోనే ఉంది. లైసెన్సు ఎక్కడికీ కదలదు. రెండో రాష్ట్రం ఇచ్చేది సరికొత్త లైసెన్సు. నంబరు వేరు, గడువు వేరు, రెన్యువల్ ఫీజు వేరు. పాతది ఉన్నచోటే ఉంటుంది, పట్టించుకోకపోతే అక్కడే చచ్చిపోతుంది. కదిలేదల్లా మీ ఫైలు. అందులో చదువు, పనిచేసిన గంటలు, పరీక్షల ఫలితాలు, మీ మీద ఏ చర్యా లేదని మొదటి బోర్డు ఇచ్చే ధ్రువీకరణ ఉంటాయి. అవతలి బోర్డు ఆ ఫైలును నమ్మి, మిమ్మల్ని మళ్ళీ మొదటి నుంచి పరీక్షలకు కూర్చోబెట్టకపోవడమే రెసిప్రాసిటీ. అందుకే ఏ దారి తొందరగా తెములుతుందని లెక్కలు వేసే ముందు, మీ ఫైలును ఎవరెవరు నమ్ముతారో చూసుకోవాలి. ఆ నమ్మకం మీరు మొదటి లైసెన్సును ఏ దారిలో తెచ్చుకున్నారన్న దాన్ని బట్టే ఉంటుంది. పదేళ్ళ కిందట తేలిగ్గా ఉందని పట్టుకున్న అడ్డదారి, ఈరోజు పెద్ద తలుపు ముందు నిలబెట్టేస్తుంది. నేను చూసిన కష్టాల్లో సగానికి పైగా ఈ బాపతువే.

సర్టిఫికెట్టా, నేరుగా బోర్డుకా?

అమెరికాలో ఒక రాష్ట్రంలో లైసెన్సు ఉండి రెండో రాష్ట్రంలో కావాలంటే దారులు రెండు. ఒకటి, మీ ఫైలును పరిశీలించి ఎన్‌కార్బ్ ఇచ్చే సర్టిఫికెట్ తీసుకుని, వాళ్ళ ద్వారా మీ రికార్డును కొత్త బోర్డుకు పంపించడం. రెండు, సర్టిఫికెట్ లేకుండా నేరుగా కొత్త బోర్డుకు దరఖాస్తు పెట్టుకుని, పాత బోర్డు నుంచి ధ్రువీకరణ, కాలేజీ నుంచి ట్రాన్‌స్క్రిప్టు, అనుభవం పత్రాలు విడివిడిగా తెప్పించడం.

రెండోది కొన్ని బోర్డులు ఒప్పుకుంటాయి, కొన్ని అసలు ఒప్పుకోవు. సర్టిఫికెట్ ఉంటేనే రండి అనే బోర్డు దగ్గర ఇక పోల్చుకోవడానికి ఏమీ లేదు. కాబట్టి మొదట మీరు వెళ్ళాలనుకుంటున్న రాష్ట్రం బోర్డు నిబంధనల్లో రెసిప్రాసిటీ పేజీ ఒక్కటి చదవండి. స్నేహితులు చెప్పింది వేరే రాష్ట్రం సంగతి అయ్యుంటుంది.

రెండూ కుదిరే చోట నా లెక్క ఇలా ఉంటుంది. ఒక్క రాష్ట్రమే కావాలి, ఆ తరవాత ఎక్కడికీ వెళ్ళే ఆలోచన లేదు అనుకుంటే నేరుగా వెళ్ళడం డబ్బుకు తేలిక. సర్టిఫికెట్‌కు మొదట్లో ఒక ఫీజు, తరవాత ఏటా రెన్యువల్ ఫీజు, ఒక్కో రాష్ట్రానికి రికార్డు పంపినప్పుడు మరో ఫీజు ఉంటాయి. ఆ పైన కొత్త బోర్డు ఫీజు ఎలాగూ కట్టాల్సిందే. మూడు రాష్ట్రాలు దాటే అవకాశం ఉంటే మాత్రం సర్టిఫికెట్ లేకుండా తిరగడం పొదుపనిపించుకోదు. నాలుగోసారి కాలేజీకి ఫోన్ చేసి సీలు వేసిన కవరులో ట్రాన్‌స్క్రిప్టు పంపమని అడుగుతున్నప్పుడు మీకే తెలిసిపోతుంది. రెండు రాష్ట్రాల దగ్గర ఊగిసలాడేవాళ్ళు మీ ఆఫీసు పనులు ఎక్కడెక్కడ వస్తున్నాయో చూసుకోండి. గొలుసు దుకాణాలో, హోటళ్ళో, ఆసుపత్రుల గ్రూపులో మీ క్లయింట్లయితే వాళ్ళు ఎక్కడికి పోతే మీరూ అక్కడికి పోవాలి. అలాంటప్పుడు రెండో రాష్ట్రం చివరి రాష్ట్రం కాబోదు.

సర్టిఫికెట్‌కు ఇంకో ఉపయోగం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. చాలా చోట్ల లైసెన్సు రాకముందు "మీ పని మేం చేస్తాం" అని ప్రతిపాదన ఇవ్వడం కూడా చట్టం దృష్టిలో ప్రాక్టీసే. కొన్ని రాష్ట్రాల చట్టాలు మాత్రం ఎన్‌కార్బ్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకు ఇక్కడ కాస్త వెసులుబాటు ఇచ్చాయి. తమకు ఇంకా లైసెన్సు లేదన్న సంగతి చెప్పి పని కోసం పోటీ పడవచ్చు. పని ఖాయమయ్యాక, అసలు సేవ మొదలుపెట్టే ముందు లైసెన్సు తెచ్చుకోవాలి. పోటీల్లో పాల్గొనే ఆఫీసులకు ఇది చిన్న విషయం కాదు.

సర్టిఫికెట్ చేతిలో ఉంది కదా అని పొరుగు రాష్ట్రం డ్రాయింగు మీద సంతకం పెట్టేసిన మనిషిని నేనెరుగుదును. ఎన్‌కార్బ్ సర్టిఫికెట్ లైసెన్సు కాదు. అది మీ ఫైలు సక్రమంగా ఉందన్న హామీ పత్రం మాత్రమే. దాంతో ఏ రాష్ట్రంలోనూ ఒక్క షీటుకు కూడా సీలు వేయడానికి వీల్లేదు.

నమ్మకం కుదిరినా సొంత పట్టింపులు వదలని రాష్ట్రాలూ ఉన్నాయి. కాలిఫోర్నియా అందులో పెద్దది. ఎన్నేళ్ళ అనుభవం ఉన్నా, ఎన్ని లైసెన్సులు ఉన్నా అక్కడ కాలిఫోర్నియా సప్లిమెంటల్ పరీక్ష రాయాల్సిందే. భూకంపాలు, తీరప్రాంతం, వికలాంగుల ప్రవేశం, ఆ రాష్ట్రం చట్టాలు, వీటి మీద వాళ్ళ పట్టు వాళ్ళది. అలాస్కా ఆర్కిటిక్ ఇంజనీరింగ్ కోర్సు చేసి రమ్మంటుంది. మంచు కరిగి తిరిగి గడ్డకట్టే నేల మీద పునాది వేయడం వేరే చోట నేర్చుకునేది కాదు గనక ఆ పట్టింపులో న్యాయముంది. మరికొన్ని బోర్డులు తమ చట్టం మీద చిన్న పరీక్ష పెడతాయి. దీనికి ఒక సాయంత్రం పుస్తకం తిరగేస్తే సరిపోతుంది. కాలిఫోర్నియా పరీక్షను మాత్రం ఆ లెక్కన తీసుకోకండి.

డిగ్రీ దగ్గర ఆగిపోయేవాళ్ళు

సర్టిఫికెట్‌కు మామూలు దారి మూడు మెట్లు. అమెరికాలో ఆర్కిటెక్చర్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ న్యాబ్, దాని గుర్తింపు ఉన్న డిగ్రీ ఒకటి. ఏఎక్స్‌పీ అనే ఎన్‌కార్బ్ అనుభవ కార్యక్రమం కింద 3,740 గంటల పని రెండోది. ఏఆర్‌ఈ అనే లైసెన్సు పరీక్షలో ఆరు భాగాలూ పాసవడం మూడోది. ఆ 3,740లో ఒక్క డ్రాయింగులు, స్పెసిఫికేషన్ల విభాగమే 1,520 గంటలు మింగేస్తుంది. ప్రాక్టీస్ మేనేజ్‌మెంటుకు 160 చాలు. ఆఫీసు నడపడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళు ఈ అంకెలు చూసి నవ్వుకుంటారు, అది వేరే కథ.

న్యాబ్ డిగ్రీ లేనివాళ్ళకు కూడా న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు అనుభవాన్ని చదువు కింద లెక్కగట్టి మొదటి లైసెన్సు ఇస్తాయి. ఇంతవరకు బాగానే ఉంటుంది. అసలు ఇబ్బంది రెండో రాష్ట్రం దగ్గర. అక్కడి చట్టం గుర్తింపు ఉన్న డిగ్రీ కావాలంటే, మొదటి రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఎంత నిక్కచ్చిదైనా అక్కడ ఆగిపోతుంది. ఇలాంటివాళ్ళ కోసం ఎన్‌కార్బ్ చదువుకు ప్రత్యామ్నాయం పెట్టింది. అమెరికాలో ఒక చోట మూడేళ్ళు వరసగా, ఏ క్రమశిక్షణ చర్యా లేకుండా లైసెన్సు ఉంచుకున్నవాళ్ళు, సంబంధిత నాలుగేళ్ళ డిగ్రీ ఉంటే రెట్టింపు ఏఎక్స్‌పీ చూపించవచ్చు. అది లేకపోతే పోర్టుఫోలియో పెట్టాలి. కానీ ఇలా తెచ్చుకున్న సర్టిఫికెట్‌ను కూడా ప్రతి రాష్ట్రమూ కళ్ళకద్దుకోదు. డిగ్రీ లేకుండా లైసెన్సు ఇచ్చే రాష్ట్రం దొరికిందని సంబరపడే ముందు, ఆ తరవాత మీరు పనిచేయాలనుకునే రాష్ట్రాల పేర్లు మూడు రాసుకుని, ఆ మూడు బోర్డులూ ఈ దారిని ఒప్పుకుంటాయో లేదో చూడండి. మొదటి రాష్ట్రాన్ని ఎంచుకునేటప్పుడు నాలుగోదాన్ని దృష్టిలో పెట్టుకోమని నేను చెప్పేది ఇందుకే.

దేశాల మధ్య ఒప్పందాలు

ఇక్కడికి వచ్చేసరికి జనం ఎక్కువగా పొరబడేది ఒక్కచోటే. రెండు దేశాల మధ్య పరస్పర గుర్తింపు ఒప్పందం ఉందంటే, ఆ దేశంలో లైసెన్సు ఉన్న అందరికీ వర్తిస్తుందనుకుంటారు. వర్తించదు. ఒప్పందం వర్తించేది ఆ దేశపు సొంత దారిలో, అంటే అక్కడి చదువు, అక్కడి శిక్షణ, అక్కడి పరీక్ష మీద లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళకే.

అమెరికా, కెనడాల మధ్య 2014 జనవరి 1 నుంచి అమలైన ఒప్పందాన్ని తీసుకోండి. లైసెన్సు వచ్చాక సొంత దేశంలో 2,000 గంటల పని అడిగింది. అంటే సుమారు ఒక ఏడాది. వినడానికి చాలా తేలిక. అదే ఒప్పందంలో ఇంకో వాక్యం ఉంది. విదేశీ ఆర్కిటెక్టుల కోసం కెనడా నడిపే బెఫా కార్యక్రమం ద్వారా గానీ, మరో దేశంతో ఉన్న ఒప్పందం ద్వారా గానీ లైసెన్సు పొందినవాళ్ళు దీనికి అర్హులు కారని.

దీని అర్థం ఒక మనిషి జీవితంలో ఎలా ఉంటుందో చూడండి. ఒకాయన భారతదేశంలో బీఆర్క్ చేసి, పదేళ్ళు ప్రాక్టీసు చేసి, కెనడా వెళ్ళి బెఫా ద్వారా ఒక ప్రావిన్సులో రిజిస్టరయ్యాడు. చక్కటి దారే. కెనడాలోనే స్థిరపడితే ఇంతకంటే మంచిది లేదు కూడా. ఐదేళ్ళ తరవాత సియాటిల్‌లో పని వచ్చింది. సరిహద్దు అవతల ఒప్పందం ఉంది కదా అని దరఖాస్తు తీశాడు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాడు. పక్క బల్ల మీద కూర్చునే కెనడా కుర్రాడు, అక్కడి ఇంటర్న్‌షిప్ చేసి, ఎగ్జాక్ అనే కెనడా లైసెన్సు పరీక్ష రాసినవాడు, అదే ఫారం నింపి వెళ్ళిపోయాడు. ఇద్దరి గోడ మీదా వేలాడేది ఒకే రకం సర్టిఫికెట్. వెనక ఉన్న దారులే వేరు. గుర్తింపు మీద తెచ్చుకున్న గుర్తింపు మూడో చోటికి చెల్లదు.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో అమెరికా ఒప్పందం 2017 జనవరి 1న మొదలైంది. అది అడిగింది లైసెన్సు తరవాత 6,000 గంటలు, అంటే సుమారు మూడేళ్ళు. గంటల సంఖ్య కెనడా కంటే మూడింతలైనా, వయసులో కాస్త పెద్దవాళ్ళకు ఇది అడ్డంకి కాదు. లైసెన్సు వచ్చి మూడేళ్ళు తిరగనివాళ్ళే ఆగాలి. అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య ఉన్న మూడు దేశాల ఒప్పందం ఇంకా బరువైనది. పదేళ్ళ ప్రాక్టీసు, పని వివరాలతో పెద్ద ఫైలు, ఆ పైన ఇంటర్వ్యూ. అక్కడ నిజంగా ఆఫీసు పెట్టేవాళ్ళు తప్ప మిగతావాళ్ళు దీని జోలికి వెళ్ళరు.

బ్రిటన్‌తో ఒప్పందం కొత్తది, 2023 ఏప్రిల్ 25 నుంచి అమల్లో ఉంది. అక్కడ రిజిస్టరు ఆర్కిటెక్ట్స్ రిజిస్ట్రేషన్ బోర్డు చేతిలో ఉంటుంది, 1997 నాటి ఆర్కిటెక్ట్స్ యాక్ట్ కింద. పార్ట్ 1, పార్ట్ 2, పార్ట్ 3 అనే అక్కడి మూడు అర్హత మెట్ల దారిలో వచ్చిన బ్రిటన్ ఆర్కిటెక్టు అమెరికా వైపు రావచ్చు. మామూలు మూడు మెట్లు ఎక్కిన అమెరికా ఆర్కిటెక్టు బ్రిటన్‌కు వెళ్ళవచ్చు, కాకపోతే యూకే అడాప్టేషన్ అసెస్‌మెంట్ దాటాలి. ఇక్కడి కోడ్ తెలిసిన మనిషికి అక్కడి నిబంధనలు, ఒప్పందాల తీరు తెలుసా అని చూసే మెట్టు అది. నా దృష్టిలో ఇది సబబైన పట్టింపే. ఏ పరీక్షా లేకుండా వెళ్ళి, మొదటి ప్రాజెక్టులోనే ప్లానింగ్ పర్మిషన్‌కూ బిల్డింగ్ రెగ్యులేషన్స్‌కూ తేడా తెలియక తడబడటం కంటే నయం.

ఈ ఒప్పందాలన్నిటికీ ఉమ్మడిగా ఒక మెలిక ఉంది. సంతకం చేసింది ఎన్‌కార్బే అయినా, అది లైసెన్సు ఇచ్చే సంస్థ కాదు. ప్రతి రాష్ట్రం బోర్డూ విడిగా ఒప్పుకోవాలి. కొన్ని ఒప్పుకున్నాయి, కొన్ని లేదు, జాబితా ఒప్పందానికొక రకంగా ఉంటుంది. కాబట్టి "అమెరికాకు ఒప్పందం ఉంది" అన్న మాట సగమే నిజం. మీకు ఉద్యోగం వచ్చిన రాష్ట్రం ఆ జాబితాలో ఉందో లేదో చూశాకే టికెట్టు కొనండి. పైన చెప్పిన గంటలతో పాటు పౌరసత్వం లేదా శాశ్వత నివాసం, ప్రధానంగా ఎక్కడ ప్రాక్టీసు చేస్తున్నారన్న షరతులూ ఈ ఒప్పంద పత్రాల్లో ఉంటాయి. వీటిని ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు, అందుకని దరఖాస్తు చేసే నెలలో అమల్లో ఉన్న పత్రమే చదవండి.

క్యాన్‌బెరా అకార్డ్ అనే పేరు కూడా ఈ చర్చల్లో దొర్లుతుంది. 2008లో మొదలైన ఆ ఒప్పందం కాలేజీల గుర్తింపు వ్యవస్థల మధ్యది. మీ డిగ్రీ సమానమైనదని చెప్పుకోవడానికి పనికొస్తుంది. లైసెన్సుకూ దానికీ సంబంధం లేదు.

ఒప్పందం లేని దేశం నుంచి వచ్చినవాళ్ళు

భారతదేశంతో అమెరికాకు పైన చెప్పినలాంటి ఒప్పందం లేదు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నంబరు ఉంటే ఏం లాభం అని చాలామంది దాన్ని గడువు తీరిపోనిస్తారు. అది పొరపాటు. ఎన్‌కార్బ్‌కు విదేశీ ఆర్కిటెక్టుల దారి ఒకటి ఉంది. సొంత దేశంలో లైసెన్సుకు దారితీసే ఆర్కిటెక్చర్ డిగ్రీ, అక్కడ సక్రమంగా ఉన్న రిజిస్ట్రేషన్ చూపించి, ఏఎక్స్‌పీ పూర్తిచేసి, ఏఆర్‌ఈ ఆరు భాగాలూ పాసైతే సర్టిఫికెట్ వస్తుంది. అంటే డిగ్రీ దగ్గర పడే పీటముడిని మీ పాత రిజిస్ట్రేషన్ విప్పుతుంది. దాన్ని బతికించుకోవడానికి అయ్యే ఖర్చు, తరవాత చదువు మూల్యాంకనానికి పెట్టే ఖర్చు ముందు లెక్కలోకి రాదు. మొదటి లైసెన్సు ఇచ్చే రాష్ట్రం బోర్డు మాత్రం ఈఈఎస్‌ఏ అనే, విదేశీ డిగ్రీని అమెరికా ప్రమాణాలతో సరిపోల్చే మూల్యాంకనం వేరుగా అడగవచ్చు, అది ముందే కనుక్కోవాలి.

పరీక్ష రాయడం అంటే ఒప్పందం దారి కంటే ఎక్కువ శ్రమ. ఒప్పుకుంటాను. కానీ ఒకసారి ఏఆర్‌ఈ పాసయ్యాక మీ ఫైలును చాలా రాష్ట్రాలు నమ్మడానికి వెనకాడవు. "ఇతను ఫలానా ఒప్పందం మీద వచ్చాడు, మేం దానికి సంతకం చేయలేదు" అనే మాట పుట్టదు. అందుకే అమెరికాలోనే ఉండిపోతాననుకునేవాళ్ళకు, ఒప్పందం దారి అందుబాటులో ఉన్నా సరే, పరీక్ష దారి గురించి ఒకసారి ఆలోచించమంటాను. నలభై దాటాక మళ్ళీ పుస్తకం పట్టుకోవడం ఇబ్బందే. ఒక చోటే స్థిరపడిన యాభై ఏళ్ళ మనిషికి ఈ సలహా ఇవ్వను. ముప్పై రెండేళ్ళ మనిషికి తప్పకుండా ఇస్తాను. 2023 ఏప్రిల్ 30తో పాత రోలింగ్ క్లాక్ నిబంధన పోయింది కాబట్టి, పాసైన భాగం ఐదేళ్ళకు చెల్లకుండా పోతుందన్న పాత భయం కూడా ఇప్పుడు లేదు.

మిగతా చోట్ల పద్ధతి

ఐరోపా సమాఖ్యలో నమ్మకం డిగ్రీ మీద నడుస్తుంది. 2005/36/ఈసీ అనే ఆదేశానికి ఉన్న అనుబంధంలో ఏ దేశపు ఏ కాలేజీ డిగ్రీలు చెల్లుతాయో జాబితా ఉంది. మీ డిగ్రీ అందులో ఉంటే గుర్తింపు ఆటోమేటిక్. బయటి దేశపు డిగ్రీని ఒక సభ్య దేశం గుర్తించినంత మాత్రాన రెండో దేశం గుర్తించక్కర్లేదు. ఆ మొదటి దేశంలో మూడేళ్ళ అనుభవం ధ్రువీకరించుకుంటే అప్పుడు తలుపు కొంచెం తెరుచుకుంటుంది. గుర్తింపు మీద గుర్తింపు చెల్లదన్న సూత్రం ఇక్కడా అదే, కాకపోతే మూడేళ్ళు ఓపిక పట్టినవాళ్ళకు ఒక సందు ఉంచారు.

ఆస్ట్రేలియాలో కూడా రాష్ట్రానికో బోర్డు ఉంది, కానీ 1992 నాటి పరస్పర గుర్తింపు చట్టం పని తేలిక చేసింది. రెండో రాష్ట్రంలో నోటీసు ఇస్తే నిర్ణయం వచ్చేలోగా రిజిస్టరైనట్టే భావిస్తారు. 2021 జులై 1 నుంచి ఆటోమేటిక్ గుర్తింపు కూడా మొదలైంది, సొంత రాష్ట్రం రిజిస్ట్రేషన్ మీదే చాలా చోట్ల పనిచేయవచ్చు. అమెరికా ఆర్కిటెక్టు ఇది చదివితే అసూయ కలుగుతుంది.

అసలు లైసెన్సే తెచ్చుకోకపోతే?

ఒక్క ప్రాజెక్టు కోసం కొత్త లైసెన్సు తెచ్చుకోవడం చాలాసార్లు దండగ. స్థానిక ఆర్కిటెక్టును ఆర్కిటెక్ట్ ఆఫ్ రికార్డుగా, అంటే డ్రాయింగులకు సీలు వేసే ఆర్కిటెక్టుగా పెట్టుకుని, మీరు డిజైన్ ఆర్కిటెక్టుగా ఉండవచ్చు. 2007లో పూర్తయిన న్యూయార్క్ టైమ్స్ భవనానికి రెంజో పియానో ఆఫీసు స్థానిక సంస్థ ఎఫ్ఎక్స్ ఫౌల్‌తో కలిసి పనిచేసింది. అంత పేరున్నవాళ్ళకే ఇబ్బంది లేనప్పుడు మనకెందుకు నామోషీ? అయితే సీలు ఎవరిదో బాధ్యత వాళ్ళది. వాళ్ళు మీ డ్రాయింగుల మీద కళ్ళు మూసుకుని ముద్ర వేస్తే అది వాళ్ళకూ నేరమే. వాళ్ళు నిజంగా పర్యవేక్షించేలా ఒప్పందం రాసుకోవాలి, ఫీజులో వాళ్ళ వాటా కూడా ఆ లెక్కనే ఉండాలి. అదే క్లయింటు మూడో ప్రాజెక్టు కూడా అక్కడే ఇస్తే, అప్పుడు లైసెన్సుకు దరఖాస్తు పెట్టండి.

వ్యక్తి లైసెన్సు ఒక్కటే సరిపోతుందనుకోవడం ఇంకో పొరపాటు. చాలా రాష్ట్రాల్లో సంస్థకు వేరుగా రిజిస్ట్రేషన్ కావాలి. యజమానుల్లో ఎంతమంది అక్కడి లైసెన్సుదారులై ఉండాలన్న నిబంధన కూడా కొన్ని చోట్ల ఉంటుంది. మీ లైసెన్సు రావడానికి నెల పడితే, సంస్థది తేలడానికి ఇంకో రెండు నెలలు పట్టవచ్చు. రెండు దరఖాస్తులూ ఒకేసారి మొదలుపెట్టండి.

ఫైలు సంగతి

ఏ దారిలో వెళ్ళినా ఆలస్యం అయ్యేది చిన్న విషయాల దగ్గరే. నాకైతే పేరు దగ్గర అయింది. డిగ్రీలో పొడి అక్షరాలతో ఒక రకంగా, పాస్‌పోర్టులో అక్షరాలన్నీ విప్పి ఇంకో రకంగా, మొదటి లైసెన్సులో మధ్య పేరు ఎగిరిపోయి మూడో రకంగా ఉంది. ముగ్గురూ ఒక్కరేనని ఒప్పించడానికి అఫిడవిట్లతో ఆరు వారాలు పోయాయి. దరఖాస్తు పెట్టే ముందే పేర్లన్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసుకోండి.

రెండోది, ఎప్పుడో వదిలేసిన లైసెన్సు. ఫీజు కట్టక గడువు తీరిన రాష్ట్రం ఒకటి ఉందనుకోండి, కొత్త దరఖాస్తులో దాన్ని కూడా రాయాలి, వాళ్ళ నుంచి కూడా ధ్రువీకరణ రావాలి. వాడని లైసెన్సును నిద్రపుచ్చే వీలుంటే ఇన్యాక్టివ్‌గా పెట్టుకోండి, ఊరికే వదిలేయకండి. క్రమశిక్షణ ప్రశ్నకు మాత్రం నిజమే రాయండి. చిన్న జరిమానాను దాచిపెట్టడం ఆ జరిమానా కంటే పెద్ద తప్పవుతుంది.

లైసెన్సుల సంఖ్య పెరిగేకొద్దీ చదువు గంటల లెక్క కూడా పెరుగుతుంది. న్యూయార్క్ మూడేళ్ళకు 36 గంటలు అడుగుతుంది, వాటిలో కనీసం 24 ఆరోగ్యం, భద్రత, సంక్షేమం విషయాల్లో ఉండాలి. కాలిఫోర్నియా రెండేళ్ళకోసారి వికలాంగుల ప్రవేశం మీద 5 గంటలు, జీరో నెట్ కార్బన్ డిజైన్ మీద 5 గంటలు అంటుంది. ఒకే కోర్సు రెండింటికీ కొంతవరకు పనికొస్తుంది, అన్నిటికీ కాదు. గడువులు కూడా ఒకచోట పుట్టిన నెలను బట్టి, ఇంకోచోట క్యాలెండరును బట్టి నడుస్తాయి. ఐదు లైసెన్సులు పెట్టుకుని రెండే వాడుతున్నవాళ్ళు నిజంగా ఆలోచించుకోవాలి.

అన్నీ తెమిలి కొత్త నంబరు వచ్చాక, సీలు ఆర్డరు ఇచ్చే ముందు ఆ రాష్ట్రం నిబంధన ఒకసారి తీయండి. కాలిఫోర్నియాలో అది గుండ్రంగా, అడ్డకొలత ఒక అంగుళానికి తగ్గకుండా, రెండు అంగుళాలకు మించకుండా ఉండాలి. లైసెన్సు గడువు తేదీ వేసే చోటు దాని మీద ఉండాలి. కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చు పడే ఎంబోసింగ్ సీలు అక్కడ చెల్లదు. పాత రాష్ట్రం కోసం కొన్న బరువైన ఇనుప సీలు అక్కడికి తీసుకెళ్ళకండి, డ్రాయరులోనే ఉండనివ్వండి.